తొమ్మిది నెలల అతిథి

చలి ఇంకా వదల్లేదు, ఇటు మంట దగ్గరికి జరిగి కూర్చోండి. మా ఆర్మూర్ వైపు సంక్రాంతి దాటిందంటే ఏ ఊరి పొలిమేర చూసినా పొగ కనబడుతుంది. అన్నీ చలిమంటలు అనుకునేరు, చాలామటుకు పసుపు ఉడుకుతున్న పొగ అది. తవ్వి తెచ్చిన పచ్చి పసుపును ఉడకబెట్టి, కళ్లంలో పరిచి, పది పదిహేను రోజులు ఎండనిచ్చి, డ్రమ్ములో వేసి తిప్పి పాలిష్ పడితే గాని మార్కెట్‌కు పోయే సరుకు కాదు. ఇప్పుడంటే బాయిలర్లు వచ్చాయి. మా చిన్నతనంలో పెద్ద పెద్ద కడాయిల్లో ఉడికించేవాళ్లు. మంట ఎగదోస్తూ, ఆ వేడికే చలి కాచుకుంటూ పెద్దవాళ్లు చెప్పుకున్న ముచ్చట్లే నేను విన్న మొదటి సాహిత్యం. అందుకేనేమో, మంట కనబడితే నాకు మాట ఆగదు.

ఇవాళ్టి ముచ్చట పసుపు ధర గురించి కాదు లెండి. కళాకారుల గురించి. పట్నంలో ఉండే చిత్రకారులను, శిల్పులను, నాటకం వేసేవాళ్లను కొన్నాళ్లు పల్లెలో ఉంచి, తిండీ గూడూ చూసి, వాళ్ల పని వాళ్లను చేసుకోనిచ్చే ఏర్పాట్లు దేశంలో అక్కడక్కడా నడుస్తున్నాయి. ఆర్టిస్ట్ రెసిడెన్సీ అంటున్నారు వాటిని. వాటిల్లోనూ కొన్ని నేరుగా సేద్యంతో, విత్తనంతో, నీళ్లతో, అడవితో ముడిపడినవి. అట్లాంటిది మా ఆర్మూర్‌లో పెడితే ఎట్లా ఉండాలి? ఈ ప్రశ్న చాన్నాళ్లుగా నా బుర్రలో తిరుగుతోంది. మీరు దొరికారు కాబట్టి మీ ముందు పెడుతున్నా.

మా ఊరి చౌరస్తాలో రెండు జాతీయ రహదారులు కలుస్తాయి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరుది ఒకటి. నిజామాబాద్ మీదుగా వచ్చి, జగిత్యాల, మంచిర్యాల దాటి, బస్తర్ అడవుల్లో జగదల్‌పూర్‌కు చేర్చే 63వ నంబరుది ఇంకొకటి. లారీ డ్రైవర్లకు ఇక్కడి చాయ్ గుర్తుంటుంది, పట్నం వాళ్లకు పక్కనున్న అంకాపూర్ నాటుకోడి కూర గుర్తుంటుంది. నాకు మాత్రం ఈ రెండు దారుల్లో పోతే తగిలే రెండు పల్లెటూరి ప్రయత్నాలు గుర్తొస్తాయి. నేను అడిగిన ప్రశ్నకు సగం జవాబు వాటి దగ్గరే ఉంది.

ముందు ఉత్తరం దారి పడదాం. సోన్ దగ్గర గోదావరి దాటగానే నిర్మల్. మీ ఇంటి అద్దాల బీరువాలో నిర్మల్ బొమ్మ ఒకటైనా ఉండే ఉంటుంది. ఆ బొమ్మకు కావలసింది పొనికి కర్ర. తేలిగ్గా ఉంటుంది, ఉలికి సులువుగా లొంగుతుంది. ముక్కలు అతికించడానికి చింతగింజల జిగురు, రంపపు పొట్టు. ఆ పనివాళ్లతో కాసేపు కూర్చుంటే మాట గిరాకీతో మొదలైనా పొనికి చెట్టు దగ్గరికే వస్తుంది. దగ్గరి అడవిలో చెట్టు తగ్గిపోయింది, కర్ర కోసం దూరం పోవాలి, పోయినా దొరుకుతుందన్న భరోసా లేదు. చెట్టు పెరగడానికి ఏళ్లు పడుతుంది, బొమ్మ చేయడానికి రోజులు చాలు. కళ వేరు, పర్యావరణం వేరు అనుకోవడం చదువుకున్నవాళ్లకు కుదురుతుందేమో గాని, ఆ వీధిలో కుదరదు. నరికినంత నాటకపోతే మనవడి చేతికి ఉలి ఇచ్చి లాభం లేదని వాళ్లకు తెలుసు.

ఇంకా పైకి పోతే ఆదిలాబాద్. అక్కడ రవీంద్ర శర్మ గారని ఒకాయన ఉండేవారు. అందరూ గురూజీ అనేవాళ్లు. 1952లో పుట్టి 2018లో పోయారు. హైదరాబాద్‌లో, బరోడాలో శిల్పం చదువుకున్న మనిషి. ఏ పెద్ద నగరంలోనైనా స్థిరపడి పేరు తెచ్చుకోగలిగినవాడు ఆదిలాబాద్‌కు తిరిగొచ్చి కళా ఆశ్రమం పెట్టారు. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, కంచుపని చేసే ఓజాలు, ఒక్కో కులానికి దాని పుట్టుక కథ చెప్పుకుంటూ తిరిగే కళాకారులు, వీళ్ల మధ్య బతికి, వాళ్ల పనిముట్లూ వాళ్ల పాటలూ పోగుచేశారు. ఊరంటే ఇళ్లూ పొలాలే కాదు, ఒకరి పనిమీద ఒకరు ఆధారపడి అల్లుకున్న వ్యవస్థ అని ఆయన గంటలకొద్దీ చెప్పేవారు. వినడానికి దేశం నలుమూలల నుంచి వచ్చేవాళ్లు. ఆయన చెప్పిన అన్నింటితో నాకు ఏకీభావం లేదు. పాత ఊళ్లో అల్లికతో పాటు అంటరానితనం కూడా ఉంది, ఆ సంగతి పక్కన పెట్టి పాత రోజులను పొగడలేం. కానీ ఒక శిల్పి తన బతుకంతా ఒక జిల్లాకు ఇచ్చేశాడు. దాని విలువ నేను తక్కువ చేయలేను.

అదే దారిలో నాగపూర్ దాటి కొంచెం పక్కకు తిరిగితే మధ్యప్రదేశ్‌లో పాత ఛింద్వారా జిల్లాలో పరడ్‌సింగా అనే ఊరుంది. పత్తి పండే నేల. నాగపూర్‌కు చెందిన శ్వేతా భట్టడ్ అనే కళాకారిణి అక్కడ రైతులతో, ఆడవాళ్లతో, తోటి కళాకారులతో కలిసి గ్రామ్ ఆర్ట్ ప్రాజెక్ట్ అనే సమూహం నడుపుతున్నారు. అక్కడ పొలమే కాగితం. ఏ గింజ ఎక్కడ చల్లితే మొలకెత్తాక పైనుంచి ఏ బొమ్మ కనబడుతుందో లెక్కవేసి విత్తుతారు. బొమ్మ పెరుగుతుంది, రంగు మారుతుంది, చివరికి కోతకు వస్తుంది. బయటి కళాకారులు వచ్చి ఉండి, ఊరివాళ్లతో పనిచేసి పోతుంటారు. ఇంతవరకే అయితే చూడముచ్చటగా ఉందని ఊరుకునేవాణ్ణి. వాళ్లు ఇంకో అడుగు వేశారు. దేశవాళీ పత్తి పండించి, ఊరి ఆడవాళ్లతో నూలు వడికించి, అందులో విత్తనాలు పొదిగి రాఖీలు చేస్తున్నారు. పండగ అయ్యాక రాఖీ విప్పి మట్టిలో పెడితే మొలక వస్తుంది. ఆ రాఖీలు అమ్ముడుపోతే ఊళ్లో ఆడవాళ్లకు పని. బీటీ పత్తి అంతా తానై కమ్మేసిన ప్రాంతంలో పాత పత్తి గింజ మళ్లీ సాగులోకి రావడానికి ఒక పండగ దారం కారణమైంది. చిత్రకళా ప్రదర్శనల్లో ఎన్నో గొప్ప బొమ్మలు చూశాను గాని, ఒక విత్తనాన్ని వెనక్కి తెచ్చిన బొమ్మను ఇదొక్కటే ఎరుగుదును.

ఇప్పుడు తూర్పు దారి. 63 మీద పోయి జగదల్‌పూర్ చేరి, కొంచెం పైకి వెళ్తే కొండగావ్. మైనం కరిగించి పోతపోసే లోహశిల్పాలకు పేరున్న ఊరు. ముంబయి చిత్రకారిణి నవ్‌జోత్ అల్తాఫ్ 1990ల రెండో సగంలో అక్కడికి వెళ్లారు. అక్కడి ఆదివాసీ, స్థానిక కళాకారులు శాంతిబాయి, రాజ్‌కుమార్, గెస్సూరామ్‌లతో కలిసి పనిచేయడం మొదలుపెట్టారు. వెళ్లినావిడ వెనక్కి రాలేదని కాదు, వస్తూ పోతూ ఉండిపోయారు, దశాబ్దాలు. వాళ్లందరూ కలిసి చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది బోరింగుల దగ్గర చేసింది. నల్‌పార్ అంటారు వాటిని.

బోరింగు దగ్గర నీళ్లు పట్టుకునే ఆడమనిషిని ఒక్కసారి గమనించండి. బిందె నిండేది నేలమీద. నిండాక వంగి, ఎత్తి, నడుముకు తెచ్చి, అక్కణ్ణుంచి తలమీదికి. ఆ ఎత్తే క్షణంలోనే నడుం పట్టేది, కడుపుతో ఉన్నవాళ్లకు ప్రమాదం జరిగేది. చుట్టూ బురద, జారుడు. కొండగావ్ కళాకారులు బోరింగు చుట్టూ అరుగు కట్టారు. బిందెను ముందు నడుము ఎత్తున ఆనించుకోవడానికి ఒక గూడు, అక్కణ్ణుంచి తలకెత్తుకోవడానికి వీలు. ఒలికిన నీళ్లు నిలవకుండా పోయే కాలవ. ఆ గోడలమీద వాళ్లకు తెలిసిన ఆకారాలు, గుర్తులు, శిల్పం. ముంబయి నుంచి వచ్చినావిడ ఒక్కతే బొమ్మ గీసి ఇస్తే వచ్చిన రూపం కాదు అది. ఎక్కడ వంగితే నొప్పి పుడుతుందో ఊరి ఆడవాళ్లు చెప్పాలి, శాంతిబాయి లాంటి శిల్పి చెవిన వేసుకోవాలి, మళ్లీ కట్టి చూడాలి. పది రోజుల క్యాంపులో ఆ మాట బయటికి రాదండీ. కొత్తవాళ్ల ముందు మన ఆడవాళ్లు నడుం నొప్పి గురించి మాట్లాడతారా? చెప్పండి.

నా మాటకు వచ్చేశాను. రెసిడెన్సీ అంటే సాధారణంగా నెల, ఆరు వారాలు, మహా అయితే మూడు నెలలు. నగరంలో అది సరిపోతుందేమో. సేద్యం దగ్గర సరిపోదు. పొలానికి ఒక కాలం ఉంది, అతిథి కూడా ఆ కాలం ఉండాలి. ఆర్మూర్‌కు కళాకారుణ్ణి పిలిస్తే మృగశిర కార్తెలో పిలవాలి, పసుపు అమ్ముడుపోయాక పంపాలి. తొమ్మిది నెలలు. అంతకు ఒక్క నెల తక్కువైనా అతను చూసేది పసుపు కాదు, పసుపు రంగు.

ఆ రంగు గురించే రెండు ముక్కలు చెప్పనివ్వండి, అదంటే నాకు మహా ఇష్టం. నిజామాబాద్ మార్కెట్ యార్డులో సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు కుప్పల మధ్య నడిచి చూడండి. కొమ్ము వేరు, మండ వేరు, చూర వేరు. హమాలీల చొక్కాలు, కనురెప్పలు, చేటలు, కాంటాలు, అన్నిటిమీదా పసుపు దుమ్ము. ఖరీదుదారు కుప్ప ముందు కూలబడి ఒక కొమ్ము తీసుకుంటాడు. విరుస్తాడు. బాగా ఎండిన కొమ్ము టక్కుమని విరుగుతుంది. విరిగిన ముఖాన్ని వెలుతురుకు తిప్పి లోపలి రంగు చూస్తాడు. నారింజ వైపు మొగ్గిన నిండు పసుపా, పాలిపోయినదా, ఎక్కడైనా నల్లచార ఉందా, అంచుకూ నడిమికీ తేడా ఉందా? ఆ చూపు మీద ఒక కుటుంబం ఏడాది కష్టం ఆధారపడి ఉంటుంది. ఇంత తీక్షణంగా రంగును చూసే కళ్లు నేను చిత్రకారుల్లో కూడా తక్కువ చూశాను. రైతుకూ ఆ చూపు ఉంది. నీళ్లు ఏ వారంలో ఆపాడో, ఎంతసేపు ఉడికించాడో, ఎండబెట్టినప్పుడు మబ్బు పట్టిందో లేదో ఆ విరిగిన ముఖంలో చదువుకోగలడు.

ఆ రంగుకు ఇంకో గుణం, అది నిలవదు. ఎండ తగిలితే వెలిసిపోతుంది. చీరకు పసుపు రాసి ఎండలో ఆరేస్తే కొన్నాళ్లకే తెల్లబోతుంది. సున్నం తగిలితే ఎర్రబారుతుంది. పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు, ఇంట్లో చేసుకునే కుంకుమ, అన్నీ ఆ గుణంలోంచే వచ్చాయి. మ్యూజియం గోడకు పనికిరాని రంగు మన ఆడవాళ్ల చేతుల్లో గడపకూ, పాదాలకూ, గౌరమ్మకూ పనికొచ్చింది. రోజూ మళ్లీ పూసుకోవాల్సిన రంగు కాబట్టే రోజువారీ బతుకులో కలిసిపోయింది. కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారి బొమ్మల్లో ఆడవాళ్ల ఒంటిమీది పసుపు, నుదుటిమీది కుంకుమ దేశమంతా చూసింది. సిద్దిపేటలోనే పుట్టి, 2012లో పోయేదాకా సిద్దిపేటనే అంటిపెట్టుకున్న కాపు రాజయ్య గారు బోనాలనూ బతుకమ్మనూ ఊరి చూపుతోనే గీశారు. ఆయన ఊరే ఆయనకు రెసిడెన్సీ.

బతుకమ్మ మాట వచ్చింది కాబట్టి ఒక బాధ చెప్పుకోవాలి. బతుకమ్మకు గునుగు కావాలి, తంగేడు కావాలి. తంగేడు బంజరు మీద, గుట్టల పక్కన పూస్తుంది. గునుగు మాత్రం చేలల్లో, గెట్ల మీద మొలిచే కలుపు. కలుపు తీసే కూలి దొరకడం కష్టమై రైతు గడ్డిమందు కొట్టడం మొదలుపెట్టాడు, అతన్ని తప్పు పట్టలేను. కానీ గడ్డిమందు కొట్టిన చేలో గునుగు రాదు. మా మేనత్త పండగ ముందు రోజు ఒడినిండా గునుగు కోసుకొచ్చేది, కాడలు సమంగా కత్తిరించి, కొసలకు రంగులు అద్ది వరసలు పేర్చేది. ఇప్పుడు మా వీధిలో చాలామంది అంగట్లో కట్ట కొని పేరుస్తున్నారు. 2014లో రాష్ట్ర పండగ అయింది బతుకమ్మ, సంతోషమే. గెట్టుమీది గునుగు సంగతి మాత్రం ఏ జీవోలోనూ లేదు. తొమ్మిది నెలల అతిథి ఎవరైనా మా దగ్గరుంటే భాద్రపదంలో ఈ సంగతి అతని కంటబడేది. గునుగు కోసం రెండు సాళ్లు మందు కొట్టకుండా వదిలే రైతులు ఎందరు, ఆ సాళ్లు ఎవరి చేలో ఉన్నాయి, అక్కడ తేనెటీగలు వాలుతున్నాయా అని ఊరి పిల్లలతో ఒక పటం గీయించవచ్చు. నా దృష్టిలో అది మంచి కళాకృతి. చెరువులో కలిపే బతుకమ్మకు ముందు చేలో మొదలయ్యే భాగం ఒకటి ఉందని ఆ పటం చూపిస్తుంది.

ఇదంతా గాలిలో మేడలు కట్టడం అనుకోకండి. మన తెలంగాణలోనే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ పని ఎప్పటి నుంచో చేసి చూపించింది. 1983లో మొదలైంది. దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా పనిచేసిన పి.వి.సతీష్ గారు దాన్ని నిలబెట్టినవాళ్లలో ముఖ్యులు, 2023లో కన్నుమూశారు. జొన్న, కొర్ర, సామ, పప్పుధాన్యాల పాత విత్తనాలను దళిత మహిళా రైతుల సంఘాలు కాపాడుకున్నాయి. ఏటా సంక్రాంతి నుంచి పాత పంటల జాతర. ఎడ్లబండ్లను అలంకరించి, వాటిమీద విత్తనాల కుండలూ గంపలూ పెట్టుకుని, ఆడుతూ పాడుతూ ఊరూరా తిరుగుతారు. ఆ బండి వరసను చూస్తే ఏ ఆర్ట్ గ్యాలరీ చాలదు అనిపిస్తుంది. అక్కడి ఆడవాళ్లు, బడి ముఖం చూడనివాళ్లు, కెమెరా పట్టడం నేర్చుకుని సినిమాలు తీశారు. వరంగల్ పత్తి రైతుల గోడు తీశారు. 2008 అక్టోబరులో మాచ్‌నూర్ నుంచి సంఘం రేడియో మొదలుపెట్టారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వాళ్లకు వచ్చింది.

కెమెరా నేర్చుకునేటప్పటి ముచ్చట ఒకటి నాకు బాగా ఇష్టం. పైనుంచి కిందికి చూసే షాట్‌కు వాళ్లు పటేల్ షాట్ అని పేరు పెట్టుకున్నారు. దొర అరుగుమీద నిలబడి కిందున్న మనిషిని చూసే చూపు అది. ఎదుటి మనిషి కళ్లకు సమంగా కెమెరా పెడితే సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాపమీద కూర్చుంటారు గదా. పల్లెకు కెమెరాతో, కుంచెతో వచ్చే ప్రతివాళ్లూ ముందు ఈ రెంటికీ తేడా నేర్చుకోవాలి. మా రైతును టవల్ చుట్టుకున్న నేపథ్యంగా పెట్టి తీసిన ఫొటోలు చాలా చూశాం. అవన్నీ పటేల్ షాట్లే.

దేశం దాటి ఒక్కసారి జపాన్‌కు పోయొద్దాం. నీగాతా ప్రాంతంలో ఎచిగో-త్సుమారి అనే కొండ పల్లెలున్నాయి. మెట్లు మెట్లుగా వరి మళ్లు, మనిషి ఎత్తు మంచు, పిల్లలందరూ నగరాలకు పోగా మిగిలిన ముసలివాళ్లు. 2000లో ఫ్రమ్ కితగావా అనే ఆయన అక్కడ మూడేళ్లకోసారి జరిగే కళా ఉత్సవం మొదలుపెట్టారు. ఊళ్లవాళ్లు వెంటనే ఒప్పుకోలేదు, ఊరూరా తిరిగి కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. మూతపడ్డ బడులూ, ఖాళీ ఇళ్లూ కళాకారుల చేతికి ఇచ్చారు. సోవియట్ యూనియన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ కబకోవ్ దంపతులు మెట్ల మళ్లమీద దున్నేవాళ్లవీ, విత్తేవాళ్లవీ, కోసేవాళ్లవీ నీలం, పసుపు బొమ్మలు నిలబెట్టారు. ముసలి రైతులు బయటి జనానికి తమ పొలం గురించి చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ల మాట వినడానికి మనుషులు దొరికారు.

ఈ సంగతి చదివినప్పుడల్లా మా ఊళ్లు గుర్తొస్తాయి. మా దగ్గర మగవాళ్లు దుబాయికీ మస్కట్‌కూ పోయారు. ఒక్కో గల్లీలో గల్ఫ్ డబ్బుతో కట్టిన మేడ ఉంటుంది, అందులో ఒక తల్లి, ఒక కోడలు ఉంటారు. పసుపు బాధ్యత సగం ఆ ఆడవాళ్ల మీదే పడింది. పొలం పనీ వాళ్లే, కూలీల లెక్కా వాళ్లే, బ్యాంకుకూ వాళ్లే. పైఅంతస్తు గదులు ఖాళీ. జపాన్‌లో లాగా మా దగ్గర ఇళ్లకు కొరత లేదండీ. తాళంచెవి ఇచ్చే నమ్మకం కుదరాలి, అంతే.

మా రైతుకు కళ ఏం తెలుసు అనేవాళ్లకు ఒక ఏడాది గుర్తుచేస్తాను. 2019 లోక్‌సభ ఎన్నికలు. పసుపు బోర్డు కావాలి, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలి అని అడిగి అడిగి అలిసిపోయిన రైతులు నామినేషన్లు వేశారు. నిజామాబాద్ బరిలో మిగిలినవాళ్లు 185 మంది, అందులో 178 మంది రైతులు. ఎన్నికల సంఘం ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలు వరసగా పెట్టాల్సి వచ్చింది. ఆ వరసను తలుచుకోండి. మాట వినని చోట ఆకారం చూపించారు. ఒక గోస కంటికి కనబడేట్టు, ఎవరూ పక్కకు తప్పుకుని పోలేనట్టు పెట్టడమే కళ చేసే పనైతే, ఆ ఏడాది దేశంలో అంతకన్నా పెద్ద పని ఎవరు చేశారో నాకు తెలియదు. 2023 అక్టోబరులో బోర్డు ప్రకటన వచ్చింది, 2025 జనవరి 14న, సరిగ్గా సంక్రాంతి నాడు, నిజామాబాద్ కేంద్రంగా బోర్డు మొదలైంది. ఎగుమతులు, వంగడాలు, ధరలు చూసుకోవడం దాని పని. అవి చూసుకుంటే చాలు, మేలు. కానీ పసుపు చుట్టూ అల్లుకున్న ఈ చూపునూ ఈ చేతిపనినీ కూడా అది తన సొత్తుగా అనుకుని, ఏడాదికి ఒక్క కళాకారుడికి ఒక పంటకాలం భృతి ఇస్తే ఎంత బాగుంటుంది!

సరే, నిజంగా పెట్టామనుకుందాం. మొట్టమొదట పోవాల్సింది గ్రామాభివృద్ధి కమిటీ దగ్గరికి. మా వైపు ఊళ్లలో కమిటీ మాట కాదని ఏదీ జరగదు, దాని మంచీ చెడూ రెండూ మాకు తెలుసు. కమిటీలో కూర్చునేది మగవాళ్లు, అందులోనూ భూమి ఉన్నవాళ్లు. కాబట్టి అక్కడ ఒప్పించి ఊరుకుంటే చాలదు. పసుపు ఏరే, కొమ్ము నుంచి మండ విడదీసే ఆడకూలీలతో విడిగా కూర్చోవాలి. వాళ్లు కళాకారుడితో గడిపిన ప్రతి పూటకూ కూలి కట్టివ్వాలి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఇక్కడే చాలా మంచి ఆలోచనలు చెడిపోతాయి. వచ్చినాయనకు భృతి, ప్రయాణం ఖర్చు, కాగితం రంగుల ఖర్చు అన్నీ పద్దులో ఉంటాయి. పొద్దంతా అతనికి పని చూపించి, పాట పాడి, జడ్జీలా అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పిన ఆడమనిషికి ఒక శాలువా. ఆ రోజు కూలి పోయిందని ఇంటికెళ్లి ఆమె పడే చింత ఎవరి పద్దులోనూ రాదు.

తర్వాత, వచ్చినవాళ్లు ఒక సాలు పసుపు సొంతంగా పెట్టాలి. ఎవరో ఒక రైతు చేలో, ఆయన మక్కతో పాటు. మా దగ్గర పసుపులో మక్క అంతరపంట, మీకు తెలిసే ఉంటుంది. మక్క ముందు చేతికొస్తుంది, పసుపు ఆగి వస్తుంది. నడుమ దుంపకుళ్లు తగలొచ్చు, వాన ఎక్కువ కావొచ్చు, బోరు ఎండొచ్చు. ఆ సాలు పోతే పోనివ్వాలి, ఇంకొకటి ఇవ్వకూడదు. పంట పోయిన ఏడాది ఇంట్లో మాట ఎట్లా తగ్గిపోతుందో, దసరా బట్టలు ఎట్లా వాయిదా పడతాయో దగ్గరుండి చూసినవాడి బొమ్మ వేరుగా ఉంటుంది. పండితే మాత్రం అందరితో పాటు తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, యార్డుకో, రేటు బాగుందంటే మావాళ్లు లారీ కట్టుకుని పోయే సాంగ్లీకో పోయి, తన సంచి ముందు తానే నిలబడాలి. ఎవరో వచ్చి కొమ్ము విరిచి, పెదవి విరిచి, ఒక అంకె చెబుతారు. ఆ క్షణం అనుభవించాక ఏం గీస్తారో గీయనివ్వండి. పసుపు బొమ్మే గీయాలని షరతు పెట్టనక్కర్లేదు.

చేసిన పనిలో ఒక్కటైనా ఊళ్లో ఉండాలి, ఊరు వాడుకునేదిగా ఉండాలి. ఏది కావాలో ఊరే చెప్పాలి. బహుశా కళ్లం దగ్గర ఆడవాళ్లు నీడపట్టున కూర్చుని మండ విడదీయడానికి ఒక పందిరి అడుగుతారేమో. పాలిష్ డ్రమ్ము దుమ్ము ముక్కులోకి పోకుండా ఏదైనా ఉపాయం అడుగుతారేమో, ఆ దుమ్ముకు దగ్గేవాళ్లు మా దగ్గర బాగానే ఉన్నారు. బడి గోడమీద బొమ్మ అడిగితే అదీ మంచిదే. మా ఆర్మూర్ సిద్దులగుట్ట నల్లబండల దారిలో కూర్చోవడానికి ఒక చోటు అడిగినా అడగొచ్చు. నేనైతే గునుగు పటం అడుగుతాను, కానీ నా ఓటు ఒక్కటే.

మంట తగ్గుతోంది, ఆ పక్కనున్న రెండు కట్టెలు ఇటు వేయండి. మీ ఎరుకలో చిత్రకారులో, శిల్పులో, పాట కట్టేవాళ్లో ఉంటే ఈ మాట వాళ్ల చెవిన వేయండి. పసుపు పొలాలు అందంగా ఉంటాయట, జనవరిలో ఒక వారం వచ్చి చూసిపోతాం అంటే, రమ్మనండి, చాయ్ పోస్తాం, అంకాపూర్ తీసుకుపోతాం. పని చేయడానికి వస్తామంటే మాత్రం జూన్‌లో రమ్మనండి. తొలకరి పడేలోపు ఇల్లు చూసిపెట్టే పూచీ నాది.